మెక్సికో నాట్య మాస్కులు: వెనక్కి తిప్పి చూశాకే డబ్బులివ్వండి

మెక్సికో చెక్క మాస్కు చేతికి రాగానే చూపు రంగు మీదికీ, కోరల మీదికీ, గాజుకళ్ళ మీదికీ పోతుంది. చెక్కినవాడి పనితనం మాత్రం వెనకవైపు ఉంటుంది. ముందువైపు ఏ లోపమున్నా లప్పం పెట్టి, రంగు పూసి కప్పెయ్యొచ్చు. వెనక లప్పం పెట్టరు, చాలాసార్లు రంగు కూడా వెయ్యరు. ఉలి ఎలా నడిచిందో, దుంగలో ఏ పక్క కర్ర వాడారో, తాడు కన్నాలు ఎక్కడ పెట్టారో అన్నీ అక్కడ కనిపిస్తాయి. అందుకే ఇక్కడ ఒక్కో రకాన్నీ ముందు వీపు చూసి, ఆ తర్వాతే ముఖం చూసి తూచాం.

మార్కెట్లో రెండు వేర్వేరు సరుకులు ఒకే పేరుతో అమ్ముడవుతున్నాయి. ఒకటి ఆడటానికి చెక్కిన మాస్కు, రెండోది గోడకు తగిలించడానికి చెక్కింది. రెండోదాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు, అందులోనూ గొప్ప పనితనం ఉన్నవి దొరుకుతాయి. గోడకు చేసినదాన్ని ఆటలో వాడిందని చెప్పి ఆ ధర గుంజితేనే తప్పు.

పనితనం అన్నిటికంటే ఎక్కువ కోరేది పరాచికో మాస్కు. చియాపాస్ రాష్ట్రంలోని చియాపా దె కోర్సోలో జనవరి 4 నుంచి 23 దాకా సాగే ఉత్సవంలో పరాచికోలు ఆడతారు. ఎస్కిపులాస్ స్వామి అనే క్రీస్తు రూపం, సాన్ ఆంతోనియో అబాద్, సాన్ సెబాస్తియాన్ అనే సాధువుల పేర్ల మీద జరిగే పండుగ అది. 2010లో యునెస్కో దీన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆడేవాడు తలకు గుడ్డ చుట్టుకుని మాస్కు కట్టుకుంటాడు. దాని మీద ఇష్ట్లే అనే కిత్తనారతో చేసిన మోంతేరా అనే టోపీ, ఒంటిమీద సరాపే అనే చారల దుప్పటి, చేతిలో చిన్‌చిన్ అనే రేకు గిలక. ఆ వేషంలో గంటల తరబడి వీధుల్లో నడుస్తూ ఆడాలి. కాబట్టి మాస్కు తేలిగ్గా ఉండాలి, చూపు ఆనాలి, ఊపిరి ఆడాలి. ఈ మూడూ లేని పరాచికో మాస్కు ఎంత అందంగా ఉన్నా గోడ సరుకే.

దీనికి పేరున్న కర్ర సెద్రో. పేరు విని దేవదారు అనుకోకండి, ఇది వేప, మహాగని కుటుంబానికి చెందిన చెట్టు. సిగార్ పెట్టెలు చేసేది ఈ కర్రతోనే. వెనకవైపు రంగు లేనిచోట ముక్కు ఆనించి చూస్తే తియ్యటి ఘాటు వాసన తగలాలి. వాసన లేక, కర్ర తెల్లగా, గోరుతో నొక్కితే గుంట పడుతుంటే అది వేరే మెత్తకర్ర అయుంటుంది, లేదా సెద్రోలోనే చేవలేని పైభాగం. రెండూ పురుగుకి ఇష్టమైనవే.

తర్వాత నుదుటి అంచు, గడ్డం అంచు చూడండి. మంచి పనివాడు దుంగను నిలువునా రెండుగా చీల్చి, బెరడు వైపు ముఖం, నడిమి దవ్వ వైపు వీపు వచ్చేలా పెట్టుకుంటాడు. లోపల తొలిచేటప్పుడు దవ్వ మొత్తం పోతుంది. అలాంటి మాస్కు అంచులో వయసు వలయాలు గొడుగులా వంగిన గీతలుగా కనిపిస్తాయి. గుండ్రటి వలయం పూర్తిగా, మధ్యలో చుక్కతో కనిపిస్తే దవ్వ ఇంకా లోపలే ఉన్నట్టు. అది పగులుతుంది. కర్ర ఎండేటప్పుడు వలయాల వెంట వచ్చే కుంచింపు, వలయాలకు అడ్డంగా వచ్చేదానికి సుమారు రెట్టింపు. దవ్వ చుట్టూ ఆ తేడా సర్దుకునే దారి లేక, నుదుటి నుంచి ముక్కు పక్కగా నెర్రె దిగుతుంది. ఎంత మంచి రంగూ దాన్ని ఆపలేదు.

మందం బుగ్గల దగ్గర సెంటీమీటరు ఉంటే చాలు. ముక్కు మొదట్లో, గడ్డం కింద కొంచెం ఎక్కువ ఉండాలి, దెబ్బ తగిలేది అక్కడే. ఆ లెక్కన పెద్దవాళ్ళ ముఖానికి సరిపడే సెద్రో మాస్కు పావుకిలోకి కాస్త అటూ ఇటూ తూగాలి. అరకిలో దాటిందంటే లోపల సరిగ్గా తొలవలేదనే అర్థం. బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి అంచు నుంచి ముక్కు దాకా జరుపుతూ పోండి. మందం ఒక్కసారిగా పెరిగినచోట కర్ర ఎండే వేగం మారుతుంది, పగులు కూడా అక్కడే మొదలవుతుంది.

గాజుకళ్ళు వెనక నుంచి గుంటలో కూర్చోబెట్టి మూసేస్తారు. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. గలగలమంటే కన్ను వదులైనట్టు. ఆడేవాడు చూసేది గాజుకన్నులోంచి కాదు, దాన్ని ఆనుకుని కోసిన సన్నటి చీలికలోంచి. మనిషి కంటిపాపల మధ్య దూరం సగటున 6.3 సెంటీమీటర్లు. చీలికల నడిమి దూరం దానికి దగ్గరగా ఉందో లేదో స్కేలు పెట్టి కొలవండి. ఏడున్నర, ఎనిమిది సెంటీమీటర్లుంటే ఆ మాస్కుతో ఒక్క కన్నే పనిచేస్తుంది. చీలిక లోపలి అంచుని వాలుగా చెక్కి ఉంటే ఇంకా మంచిది, కన్ను దగ్గరకు ఆని చూపు విప్పారుతుంది. తిన్నగా గొట్టంలా తవ్వి వదిలేస్తే ఎదుట ఉన్నది తప్ప పక్క మెట్టు కనపడదు. పెట్టుకుని చూసేటప్పుడు తలకు గుడ్డ చుట్టుకునే చూడండి. గుడ్డ లేకుండా సరిగ్గా సరిపోయిన మాస్కు గుడ్డ చుట్టాక ముందుకు జరుగుతుంది, చీలికలు పైకి పోతాయి.

ఇక ముఖం. గులాబి ఛాయ, సన్నని మీసం, గడ్డం, సగం మూసినట్టుండే రెప్పలు. చెక్కిన సాధువుల విగ్రహాలకు ముఖఛాయ వేసే పాత స్పానిష్ పద్ధతి దీనికి తల్లి. కర్ర మీద తెల్ల సుద్ద పూత పొరలుగా వేసి, ఎండాక నున్నగా రుద్ది, దానిమీద నూనె రంగు పరుస్తారు. ఆ పద్ధతిలో రంగు తడిగా ఉండగానే పశువు మూత్రాశయపు పొరను వేలికి తొడుక్కుని, తడిపి, రుద్దుతూ పోతారు. కుంచె గీత ఒక్కటీ మిగలదు, చర్మంలోంచి వచ్చినట్టు మెరుపు వస్తుంది. మాస్కుని వెలుతురుకు అడ్డంగా, కంటి ఎత్తులో పట్టుకుని బుగ్గ మీదుగా చూడండి. చౌక రకంలో ఎనామెల్ రంగు ఒక్క పూత వేసి వదిలేస్తారు. దాని మెరుపు గచ్చు మీద నీళ్ళలా తెల్లగా కొడుతుంది, కుంచె గీతలు అందులో బయటపడతాయి. బుగ్గ మీద ఎరుపు వృత్తంలా తెగినట్టు కాక, చుట్టూ ఛాయలో కరిగిపోవాలి. ఆ ఒక్క చోటు చూసి పనివాడి చెయ్యి ఎలాంటిదో చెప్పొచ్చు.

పరాచికోల్లో పెద్దని పత్రోన్ అంటారు. ఆయన మాస్కు కఠినంగా ఉంటుంది. ఆయన చేతిలో గిటారు, కొరడా ఉంటాయి. దుకాణాల్లో కనుబొమలు ముడిచిన ప్రతి మాస్కునీ పత్రోన్ అని అమ్మడం కనిపిస్తుంది. ఆ పేరుకి ఎక్కువ ఇవ్వక్కర్లేదు, పనితనానికే ఇవ్వండి. సెద్రో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్న చెట్టు కదా అని కొందరు వెనకాడతారు. ఆ నియమం దుంగలకు, కోసిన కలపకు, పలచటి పొరలకు, ప్లైవుడ్‌కి వర్తిస్తుంది. చెక్కి పూర్తయిన మాస్కు వాటిలోకి రాదు.

గెరెరో రాష్ట్రపు తీగ్రే మాస్కులు వేరే లోకం. తీగ్రే అంటే అక్కడ జాగ్వార్. తెకువానుల ఆట, త్లాకొలొలెరోల ఆట, ఇంకా పొలాల్ని కాపాడుకునే కథలున్న ఆటల్లో ఇది కనిపిస్తుంది. నావాత్ల్ భాషలో తెకువాని అంటే మనుషుల్ని తినేది. అదే రాష్ట్రంలోని సిట్లాలా ఊళ్ళో మే మొదటి వారంలో వాన కోసం మనుషులు జాగ్వార్ వేషంలో నిజంగా కొట్టుకుంటారు, అక్కడ వాడేది చెక్క కాదు, దళసరి తోలు శిరస్త్రాణం. సిట్లాలా కొట్లాటలో వాడిన చెక్క మాస్కు అని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోవచ్చు.

చెక్క తీగ్రేలలో మేలైనవి ఒలినలా ఊరి లక్క పనివి. లక్క అన్నామే కానీ, అది చియా గింజల నూనె, మెత్తగా నూరిన మట్టి పొడులు, రంగు కలిపి పూసి, రాయితో రుద్ది, మళ్ళీ పూసి మళ్ళీ రుద్దే పద్ధతి. రయాదో రకంలో ఒక రంగు మీద ఇంకో రంగు వేసి, పైది పూర్తిగా గట్టిపడక ముందే తుమ్మ జాతి విసాచె ముల్లుతో గీకి కింది రంగు బయటికి తీస్తారు. జాగ్వార్ మచ్చలు ఇలా గీకి తీసినవైతే మచ్చ అంచు మీద వేలు పోనిస్తే చిన్న మెట్టు తగులుతుంది. కుంచెతో దిద్దినవైతే తగలదు. కుంచె పని తప్పేమీ కాదు, దానికి దొరాదో అని వేరే పేరే ఉంది. గీకినదని చెప్పి దిద్దినది ఇవ్వకూడదు, అంతే. ఒలినలా చెక్క లక్క పనికి 1994 నుంచి మూలస్థాన గుర్తింపు ఉంది, కాబట్టి ఆ పేరు వాడే అమ్మకందారుని ఏ ఊరి వస్తువో సూటిగా అడగొచ్చు.

మీసాలకు పందివెంట్రుకలు, కళ్ళకు అద్దం ముక్కలు, నోట్లో పందికోరలు మామూలు. పట్టి లాగితే ఊడొచ్చే వెంట్రుకలు కేవలం జిగురుతో అంటించినవి. సరైన పనిలో సన్నటి కన్నంలో కుచ్చుని దూర్చి చెక్క మేకు కొట్టి బిగిస్తారు. చాలా తీగ్రేలకు ఆడేవాడి చూపు నోటిలోంచి. కాబట్టి ఇక్కడ కంటి దూరం కాకుండా, నోరు మీ కళ్ళ ఎత్తుకి వస్తుందో లేదో చూడాలి. నిజమైన జాగ్వార్ చర్మమో, కోరో ఉందని గొప్పగా చెబితే ఆ మాస్కుని ముట్టుకోవద్దు. జాగ్వార్ భాగాల అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం, సరిహద్దు దగ్గర జప్తు చేస్తారు.

పాత మాస్కు అని చెప్పి మోసపుచ్చడం ఎక్కువగా జరిగిందీ గెరెరో సరుకులోనే. 1970లలో కలెక్టర్ల గిరాకీ పెరిగాక అక్కడ ఏ ఆటలోనూ లేని పాత్రలకు కూడా మాస్కులు చెక్కి, పాతవాటిగా అమ్మారు. బల్లులు, గబ్బిలాలు, పాములు ముఖమంతా పాకుతున్న భారీ మాస్కుల్లో చాలావరకు ఆ బాపతే. చెక్కడంగా వాటిలో బలమైనవి ఉన్నాయి. ఆట చరిత్ర మాత్రం ఉండదు.

ఆడిన మాస్కుని ఇలా గుర్తుపట్టండి. మనిషి చెమట తగిలే చోట్లు మూడు: నుదురు, ముక్కు మొదలు, గడ్డం. లోపల ఆ మూడు చోట్లే నల్లబడి, నూనె జిడ్డుతో నున్నగా మెరవాలి, మధ్యలో గుంటలు పాలిపోయి ఉండాలి. లోపలంతా ఒకే ముదురు గోధుమ రంగులో ఉంటే అది పూసిన రంగో, పట్టించిన పొగో. తాడు కన్నాలు వెనక్కి లాగే వైపే అరిగి కోడిగుడ్డు ఆకారానికి రావాలి. చుట్టూ సమానంగా అరిగితే గరుకు కాగితం పని. పండుగకు ముందు మళ్ళీ రంగు వేయించడం ఆడే మాస్కులకు మామూలే, కాబట్టి కంటి చీలిక అంచున రెండు మూడు రంగుల పొరలు కనిపించడం మంచి గుర్తు. ముక్కు కొన, కనుబొమ ముందుగా అరగాలి. గుంటల్లో పెచ్చులూడి ఎత్తుల్లో రంగు కొత్తగా ఉంటే ఆ పాతదనం తలకిందులుగా వచ్చినట్టు.

మిచోవకాన్ రాష్ట్రపు మాస్కుల్లో పాత్స్‌క్వారో సరస్సు చుట్టుపక్కల ఉండే పురెపెచా జనాల వియెహితోస్, అంటే ముసలాళ్ళ ఆట మాస్కు, కొత్తగా కొనేవాళ్ళకి నిశ్చింతైనది. గులాబి ముఖం, ముడతలు, బోసినవ్వు, మెత్తకర్ర. చెక్కడం తేలిక, కనుక ధరా తేలికే. అయితే ముడతలు ఉలితో తీసినవై ఉండాలి, రంగు గీతలై ఉండకూడదు. అదే సరస్సు దగ్గరున్న తోక్వారో ఊరు దయ్యం మాస్కులకు పెట్టింది పేరు. అక్కడ నాలుకలు, పాములు మెలితిరిగి గాలిలోకి వచ్చేస్తాయి. ఆ మెలికల్లో కర్ర పీచు అడ్డంగా వచ్చినచోటే విరుగుతుంది. పాము మెడ సన్నబడిన చోట పీచు మెడ వెంటే నడుస్తుందో, అడ్డంగా తెగుతుందో చూడండి. అడ్డంగా తెగితే ప్రయాణంలో విరగడం దాదాపు ఖాయం. త్లాష్కాలా కార్నివాల్ మాస్కుల్లో కొన్నిటికి దారం లాగితే రెప్పలు మూసుకుంటాయి. ఇరవై సార్లు లాగి చూశాకే తీసుకోండి.

సొనోరా, సినలోవాలలో యాకి, మాయో జనాల పస్కోలా మాస్కు చూడ్డానికి అన్నిటికంటే సాదా. చిన్నది, నల్లటిది, తెలుపు ఎరుపు గీతలు, నుదుటి మీద శిలువ, మేక లేదా గుర్రపు వెంట్రుకలతో పొడుగాటి గడ్డం, కనుబొమలు. డప్పు, పిల్లనగ్రోవి వాయించినప్పుడు ముఖాన పెట్టుకుంటారు. వయోలిన్, హార్ప్ వాయించినప్పుడు పక్కకో తల వెనక్కో తిప్పేసుకుంటారు. ఆ తిప్పడమే మాస్కు పరీక్ష. తాడు మందంగా ఉండి, కన్నాలు కణత ఎత్తులో, బాగా వెనక అంచుకి ఉంటేనే అది జారకుండా తిరుగుతుంది. అలంకరణకు చేసినవాటిలో కన్నాలు గోడ మేకుకి వీలుగా నుదుటి మధ్యలో ఒక్కటే ఉంటాయి. పనికి, ధరకి ఉన్న పొంతనలో ఇక్కడ చెప్పిన రకాలన్నిటిలో మా ఓటు దీనికే. గడ్డంలో చిమటలు చేరతాయి కాబట్టి వెంట్రుకల మొదళ్ళలో తెల్లటి గుడ్లున్నాయేమో వేళ్ళతో విడదీసి చూడండి.

ఒహాకా రాష్ట్రపు చెక్కడాల దగ్గర కర్రే అసలు సమస్య. సాన్ మార్తిన్ తిల్కహేతేలో కార్నివాల్ రోజున కుర్రాళ్ళు ఒళ్ళంతా నూనె రంగు పూసుకుని, చెక్క మాస్కులు, గంటలు కట్టుకుని వీధుల్లో పరిగెడతారు. ఆ ఊరి చెక్కడాల్లో మాస్కులూ, వేషగాళ్ళ బొమ్మలూ రెండూ ఉంటాయి. వీటన్నిటినీ ఇప్పుడు అలెబ్రిహే అంటున్నారు. ఆ మాట మెక్సికో నగరంలో కాగితపు గుజ్జుతో వింతజంతువులు చేసిన పెద్రో లినారెస్ దగ్గర పుట్టింది, కాబట్టి ప్రాచీన అలెబ్రిహే మాస్కు అనే మాటకు అర్థమే లేదు. కర్ర కొపాల్, పచ్చిగా ఉన్నప్పుడే మాచెతే అనే పొడవాటి కత్తితో, తర్వాత ఉలితో, చిన్న కత్తితో చెక్కుతారు. పచ్చిలో వెన్నలా తెగుతుంది, ఎండితే మొండికేస్తుంది. చెక్కిన తర్వాత ఎండటానికి పెద్ద బొమ్మలకు నెలలు పడుతుంది. ఆ నెలలు ఆగకుండా రంగు వేసినవి కొన్నవాళ్ళ ఇంట్లో పగులుతాయి. ఎండాక వచ్చిన పగుళ్ళలో చెక్క పేళ్ళు దూర్చి, రంపపు పొట్టు జిగురులో కలిపి పూడ్చడం అక్కడి మామూలు పద్ధతి, అది లోపం కాదు. రంగు మీద కొత్తగా వచ్చిన జుట్టంత గీతే లోపం.

కొపాల్‌కి పురుగు ఎక్కువ. బొమ్మని తెల్ల కాగితం మీద పెట్టి వేలితో పది పన్నెండు సార్లు తట్టండి. పిండిలాంటి లేత పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది. కన్నాలున్నా పొడి రాలకపోతే అది పాత కథ. తెచ్చాక అనుమానమొస్తే రెండు ప్లాస్టిక్ సంచుల్లో గాలి తీసి కట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు, చల్లటి రంగు మీద తేమ పడుతుంది. చల్లగా ఉన్న యాక్రిలిక్ పెళుసు, వేలు నొక్కినా చిట్లుతుంది. ఇది పలచటి రంగున్న కొపాల్‌కే పనికొస్తుంది. తెల్లపూత మందంగా ఉన్న పరాచికోని, ఒలినలా లక్కని ఫ్రీజర్‌లో పెడితే పూతా కర్రా వేర్వేరుగా కుంచించి పెచ్చులు లేస్తాయి. వాటికి వెనక రంగులేని కర్రకే పురుగుమందు కుంచెతో పట్టించడం మేలు.

కొనేముందు మంచివి ఎలా ఉంటాయో కంటికి అలవాటు కావాలంటే సాన్ లూయిస్ పొతోసిలోని జాతీయ మాస్కు మ్యూజియం, సకతెకాస్‌లోని రఫయెల్ కొరోనెల్ మ్యూజియం ఉన్నాయి. వీలైతే అక్కడ ఒక పూట గడిపాకే బజారుకి వెళ్ళండి. కాస్త ఎక్కువైనా చెక్కినవాడి పేరు, ఊరు రాసి ఇచ్చేచోట కొనడం మంచిది. ప్రభుత్వ హస్తకళల సంస్థ ఫోనార్త్ దుకాణాల్లో బేరం ఉండదు కానీ, ఏ రాష్ట్రపు ఏ రకానికి ఎంత పలుకుతుందో ఒక అంచనా దొరుకుతుంది.

మూట కట్టేటప్పుడు ముక్కుకి ఏదీ ఆనకూడదు. బట్టని మెలితిప్పి చుట్టకుదురులా చేసి, నుదురు, బుగ్గలు దాని మీద ఆనేలా మాస్కుని బోర్లా పెట్టండి, ముక్కు మధ్యలో గాలిలో ఉంటుంది. వీపు గుంటలో మెత్తటి కాగితం నింపండి. గడ్డాన్ని విడిగా పలచటి కాగితంలో చుట్టండి. ఇంటికొచ్చాక కంటి కన్నంలో మేకు దూర్చి తగిలించకండి, అంచు పెచ్చు లేస్తుంది. గుడ్డ చుట్టిన కొక్కెం మీద నుదురు లోపలివైపు ఆనేలా పెట్టండి. దుమ్ముకి పొడి మెత్తటి కుంచె చాలు. తడిగుడ్డ తగిలితే తెల్లపూత ఉబ్బుతుంది, పాలిష్ నూనె పూస్తే దుమ్ము అంటుకుని ఛాయ మాడుతుంది. ఆడిన మాస్కు అయితే లోపల నుదురు, ముక్కు, గడ్డం దగ్గరున్న నల్లటి జిడ్డుని అలాగే వదిలెయ్యండి. సబ్బు పెట్టి కడిగితే తర్వాత చూసేవాళ్ళకి అది ఆడిన మాస్కని చెప్పే గుర్తు మిగలదు.